సగం ఇంటి అభ్యర్థి

1894 అక్టోబరు 29, సోమవారం

ఈ రోజు ఒక్క జీను కూడా కుట్టలేకపోయాను. తల ఎత్తితే దుప్పటి, పక్కకి తిరిగితే లంగా. బీరు కాచే స్టాక్‌డేల్ బట్టల బీడుకి కంచె వేసి మూడు వారాలైంది. ఆరేసుకోవడానికి వేరే చోటు లేక మా ఆవిడ కెజాయా తాళ్ళన్నీ తెచ్చి నా దుకాణంలో తోళ్ళ మధ్యన కట్టేసింది. "మీ గుర్రాలేమీ అనుకోవులెండి," అంది. గుర్రాలు అనుకోవు. పట్టీల కోసం వచ్చిన డాక్టరుగారి బండివాడు మాత్రం మా ఆవిడ మేజోళ్ళ కింద తల వంచుకుని నిలబడి, నాతో మాట్లాడినంతసేపూ నేలనే చూశాడు.

మా ఆక్స్‌మార్డెన్‌కీ పక్కనున్న పడ్‌వెల్‌కీ పొలిమేర ఆ కాలవేనట. బీడు కాలవకి అవతల ఉంది కాబట్టి పడ్‌వెల్‌దట. పడ్‌వెల్‌లో ఆ పక్క భూమంతా స్టాక్‌డేల్‌దే కాబట్టి బీడూ అతనిదేనట. వందేళ్ళుగా ఊరి ఆడవాళ్ళు సోమవారం సోమవారం బట్టలు ఆరేసుకున్న నేల అది.

డిసెంబరు పదిహేడున మా ఊరికి మొట్టమొదటి కౌన్సిలు ఎన్నిక. తొమ్మిది కుర్చీలు. ఈ పుస్తకానికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు: అందులో ఒకటి నాకు కావాలి. చాలా కావాలి. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి చరిత్ర పోగుచేస్తున్నాను. వంతెన ఎవరు కట్టారో, చర్చి గంట ఎందుకు పగిలిందో ఈ ఊళ్ళో నా ఒక్కడికే తెలుసు. చెప్పబోతే మాత్రం అందరికీ అప్పుడే ఇంటి దగ్గర పని గుర్తొస్తుంది. కౌన్సిలు సభ్యుడు మాట్లాడుతుంటే లేచిపోవడం మర్యాద కాదు కదా.

నవంబరు 1

కెజాయాకి చెప్పాను. కూరలో ఉప్పు చూస్తూ, "గెలిస్తే వారానికి ఎన్ని సాయంత్రాలు బయట ఉంటారు?" అని అడిగింది. ఒకటో రెండో అన్నాను. "నిలబడండి," అంది.

ప్రోత్సాహంగానే తీసుకున్నాను.

నవంబరు 5

వీధి చివర ఏటా ఈ రోజున వేసే పెద్ద మంట వేసి పిల్లలు గోల చేస్తున్నారు. నేను లోపల కూర్చుని ఉపన్యాసం సరిచూసుకున్నాను. రాజుగారు సంతకు అనుమతిచ్చిన దగ్గర మొదలుపెట్టి బీడు దాకా వస్తే నలభై నిమిషాలు పట్టింది. ఒక్క మాట తగ్గించడానికి లేదు. కెజాయా మూడో రాజు దగ్గర నిద్రపోయింది. రోజంతా పనిచేసి అలిసిపోయి ఉంటుంది.

బీడు సంగతికి రుజువు కావాలి. కంచెలు కట్టే ముసలి జేబెజ్‌కి పాత పొలిమేర తెలుసని ఎవరో అన్నారు.

నవంబరు 9

దొరికింది. 

జేబెజ్‌కి డెబ్బై నాలుగు. పళ్ళు లేవు కానీ మాట పదును పోలేదు. 1829లో ఊరంతా కలిసి ఆఖరిసారి పొలిమేర వెంట తిరిగినప్పుడు అతనికి తొమ్మిదేళ్ళు. ఫాదిరీ ముందు, ఊరి పెద్దలు వెనక, చేతుల్లో తెల్లబెత్తాలు. గుర్తు రాయి వచ్చినప్పుడల్లా ఒక కుర్రాణ్ణి కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తి ఆ రాయి మీద కుదేస్తారు. పెద్దయ్యాక ఎక్కడుందో మరిచిపోకుండా.

"నన్ను నాలుగు రాళ్ళ మీద కుదేశారయ్యా అంబ్రోసూ. కావాలంటే కళ్ళు మూసుకుని చెబుతా, నా పిర్రలకి ఇంకా గుర్తే," అన్నాడు.

"మరి ఆ కాలవ?"

"కాలవేంటి, నా మొహం. అది స్టాక్‌డేల్ అబ్బ చిత్తడి పోవడానికి తవ్వించుకున్నది. నాకు మీసాలొచ్చాక తవ్వారు. తిరుగుడు మానేశారు కదా, తాగి సగంమంది మూడో చేల్లోనే పడిపోతున్నారని కొత్త ఫాదిరీ మాన్పించేశాడు. ఇక జనం కళ్ళకి కాలవే పొలిమేరైపోయింది."

అసలు గీత ఏటవాలుగా పోతుందట. వంతెన దగ్గర తెల్లరాయి నుంచి బయల్దేరి, కాలవని దాటి, బీడుకి ఆ పక్కగా తిరుగుతుంది. అంటే బీడు మొత్తం మనదే. ముసలివాణ్ణి ముద్దు పెట్టుకోబోయాను.

"మధ్యలో ఒక ఇల్లుంది," అన్నాడు. "గీత ఇంట్లోంచే పోతుంది. అందుకని నన్ను వంటింటి కిటికీలోంచి లోపలికి తోశారు, పొయ్యి ముందు బండ మీద కుదేశారు, అవతలి కిటికీలోంచి బయటికి లాగారు. ఆ ఇల్లమ్మ కేకు పెట్టింది."

"ఎవరి ఇల్లు?"

"మీ ఇల్లే కదయ్యా. అప్పుడు మీ తాతది."

నవ్వాను. అతను నవ్వలేదు.

నవంబరు 10

అరవై అయిదేళ్ళ నాటి మాట. ముసలివాళ్ళకి ఇళ్ళు కలగాపులగం అవుతుంటాయి.

నవంబరు 12, సోమవారం

మళ్ళీ దుప్పట్లు. వంటింట్లో పొయ్యి ముందున్న రగ్గు దులపడానికి ఎత్తమంది కెజాయా. నడుము పట్టేసిందని చెప్పాను. నిజంగానే కాస్త పట్టేసింది.

రగ్గు కింద బండ మీద గుర్తేదో ఉంటుందన్నాడు జేబెజ్. నాకు చూడాల్సిన అవసరం లేదు. చరిత్రకారుడు గాలిమాటల వెంట పడకూడదు.

నవంబరు 15

ఈ రోజు ఇరవై ఒక్క ఇళ్ళు తిరిగాను. పదిహేడు మంది ఓటు నాకే అన్నారు. రొట్టెల అంగడి దగ్గర ఒకాయన నన్ను "కౌన్సిలర్ గారూ" అని పిలిచాడు. వేళాకోళానికే కావచ్చు, అయినా ఎంత బాగుందో.

రగ్గు ఎత్తలేదు.

నవంబరు 19, సోమవారం

కెజాయా ఎత్తింది.

నేను దుకాణం నుంచి వచ్చేసరికి మోకాళ్ళ మీద కూర్చుని బండని ఇసకతో రుద్దుతోంది. జానెడు పొడవున శిలువ గుర్తు, ఉలితో చెక్కింది. దాని ఒక చెయ్యి నేరుగా మెట్ల వైపు చూపిస్తోంది.

"ఇరవై ఏడేళ్ళ నుంచి ఈ ఇల్లు తుడుస్తున్నా, ఇదేదో పగులనుకున్నా," అంది. "జేబెజ్ తాత అన్నీ చెప్పాడు. మీకూ చెప్పాడటగా?"

 తాడు తెచ్చి పట్టి చూశాం. తెల్లరాయి నుంచి లాగితే గీత వంటింటి కిటికీలోంచి వచ్చి, పొయ్యి ముందు నుంచి, మెట్ల పక్కగా అవతలికి పోతుంది. దుకాణం, వంటింట్లో వెనక భాగం, మేడ మీద వెనక గది పడ్‌వెల్‌లో. ముందు గదులు రెండూ ఆక్స్‌మార్డెన్‌లో. వెనక గదిలో పడుకునేది నేను. నా గురక భరించలేక కెజాయా ముందు గదికి మారి తొమ్మిదేళ్ళయింది.

గీత ఒక కొస బీడుని లోపలికి లాక్కుంటే రెండో కొస నన్ను బయటికి తోసేసింది. మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడే నివాసం అంటాడు గుమాస్తా క్రిస్ప్. ఎన్నికలు జరిపించేది అతనే. పన్నెండు నెలలు ఊళ్ళో నివాసం ఉండి తీరాలి. మంచం ఇప్పుడు లాక్కుంటే చాలదు.

కెజాయా రగ్గు మళ్ళీ పరిచేసింది. ఏం చెయ్యాలో చెప్పలేదు. చెప్పి ఉంటే దెబ్బలాడేవాణ్ణి.

నవంబరు 20

ముగ్గురికే తెలుసు. జేబెజ్ మాట ఎవరు నమ్ముతారు. ముందు గెలవాలి. గెలిచాక కౌన్సిల్లో కూర్చుని బీడు సంగతి తేలిగ్గా తేల్చవచ్చు. ఇదే తెలివైన పని.

నవంబరు 21

గెలిచాక తేల్చినా గీత అదే గీత కదా. అప్పుడైనా దిగిపోవాల్సిందే. ఇది నిన్న ఎందుకు తట్టలేదో.

నవంబరు 24

చాకిరేవు డోర్కస్ వాకిట్లో నిలబడి ఉంది. ఆరు ఇళ్ళ బట్టలు ఉతికి బతుకుతుంది. ఈ తడి నెలలో ఉన్న ఒక్క గదిలోనే ఆరేసుకుంటోంది, పిల్లలకి దగ్గు పట్టుకుంది.

"బీడు వస్తుందాండీ?" అంది.

"చూద్దాం," అన్నాను.

"మా ఆయన అంటుండేవాడు, ఎవడైనా చూద్దాం అన్నాడంటే ఇక లేనట్టేనని," అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. కోపంగా కూడా అనలేదు. 

నవంబరు 27, మంగళవారం

బడి హాల్లో అభ్యర్థుల్ని జనం ప్రశ్నలడిగే సభ. ఊరంతా వచ్చింది. నేను లేచి రెండో రాజు దాకా వచ్చాను. అప్పుడు స్టాక్‌డేల్ లేచాడు. అతనూ అభ్యర్థే. గంజి పెట్టిన కాలరు, నున్నటి గొంతు.

"విడ్‌లేక్ గారూ, రాజుల్ని కాసేపు పడుకోనిద్దాం. మీ పాత గీత సంగతి నా చెవినా పడింది. నేనూ విచారించాను. పొలిమేర కాలవైతే బీడు నాది. ముసలాడు చెప్పిన గీతైతే మీరు పడుకునేది పడ్‌వెల్‌లో. ఏది నిజమో మీరే సెలవివ్వండి, చరిత్ర తెలిసినవారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి.  మూడో బల్ల మీద డోర్కస్ కనిపించింది. కెజాయా కూడా కనిపించింది కానీ ఆమె నన్ను చూడటం లేదు, తన చేతి తొడుగులు చూసుకుంటోంది.

కాలవ అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఇది నాకు నేను రాసుకునే పుస్తకం, ఇక్కడైనా అబద్ధం ఎందుకు.

"గీతే నిజం," అన్నాను. "శిలువ మా పొయ్యి ముందుంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. నేను పడ్‌వెల్‌లో పడుకుంటున్నాను."

మొదట వెనక బల్లల నుంచి ఒక నవ్వు, తర్వాత చప్పట్లు. నా జీవితంలో నా మాటకి చప్పట్లు కొట్టడం ఇదే మొదలు. ఉపన్యాసం ఇంకా ముప్ఫై నిమిషాలు మిగిలే ఉంది.

నవంబరు 28

పడ్‌వెల్ వాళ్ళు పందిని గోడెక్కించి బ్యాండు మేళం చూపించేంత తెలివైనవాళ్ళని మా ఊళ్ళో సామెత. చిన్నప్పటి నుంచి నేనూ అని నవ్వుకున్నవాణ్ణే. ఈ రోజు రొట్టెల అంగడి దాకా వెళ్ళి వచ్చేలోగా, "పందికి బ్యాండు బాగా కనిపించిందా?" అని అయిదుగురు అడిగారు. అయిదో వాడికి, "బాగానే కనిపించింది, మీ నాన్న డోలు వాయిస్తున్నాడు," అన్నాను. కాస్త తేలికపడ్డాను.

అయినా నిలబడమని కొందరు పట్టుబట్టారు. కుదరదు. స్టాక్‌డేల్ ఉదయాన్నే గుమాస్తా దగ్గరికి పోయి అభ్యంతరం రాసిచ్చేశాడు, సంతకం పెట్టి మరీ. "పాత పొలిమేర శ్రీ విడ్‌లేక్ ఇంటి మధ్యగా పోవుచున్నందున" అని మొదలవుతుంది. కెజాయా గుమాస్తాని అడిగి దానికి నకలు రాయించుకుని, మడిచి పెట్టెలో పెట్టింది. ఎందుకంటే, "దస్తూరీ బాగుంది," అంది.

నవంబరు 30

సాయంత్రం డోర్కస్, ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్ళు వంటింట్లోకి వచ్చారు, పాదాలు తుడుచుకుని. కొత్త చట్టం ప్రకారం ఆడవాళ్ళు కూడా నిలబడవచ్చు, పెళ్ళైనవాళ్ళు కూడా. ఆ మాట నేనే వాళ్ళకి ఎన్నోసార్లు చదివి వినిపించాను, ఎవరూ వింటున్నట్టు లేరని అనుకున్నాను.

"మీరు ఎటు పడుకుంటారమ్మా?" అని డోర్కస్ అడిగింది.

"ముందు గదిలో," అంది కెజాయా.

"తొమ్మిదేళ్ళుగా," అన్నాను నేను. ఎందుకన్నానో తెలియదు. అందరూ నన్ను చూశారు. ఇక ఆగడం అనవసరమనిపించి కాగితం, సిరా తెచ్చి నామినేషన్ నేనే రాశాను. అక్షరాలు కాస్త వంకరపోయాయి. కుర్చీ నాకు కావాలని ఇంకా ఉంది. అది రాత్రికి రాత్రి పోయేది కాదు.

డిసెంబరు 1

గుమాస్తా క్రిస్ప్ కాగితం మూడుసార్లు చదివాడు.

"శ్రీమతి విడ్‌లేక్ ముందు గదిలో పడుకుంటారనడానికి సాక్ష్యం?"

"నేనే," అన్నాను.

"పక్క ఊరి సాక్ష్యం," అన్నాడు. నవ్వు ఆపుకుంటూ ముద్ర కొట్టాడు.

డిసెంబరు 10

చేతి పత్రాలు పంచుతున్నాను. ఇల్లిల్లూ తిరుగుతుంది ఆవిడ. నేను వెనక. ప్రతి ఇంట్లో అయిదు నిమిషాలు, అందులో నాలుగు నిమిషాలు వాళ్ళనే మాట్లాడనిస్తుంది. ఇలా అయితే ఓట్లు ఎలా పడతాయో నాకు అర్థం కావడం లేదు. చెప్పాను కూడా. "మీరు గొడుగు పట్టుకోండి," అంది.

డిసెంబరు 18

తొమ్మిదో స్థానం. పదో ఆయన కంటే మూడు ఓట్లు ఎక్కువ. స్టాక్‌డేల్ మూడో స్థానం, అతని పనివాళ్ళంతా వేశారు మరి.

కెజాయా గెలిచింది. ఆ పేరు చదివినప్పుడు గుంపులో అందరికంటే ముందు టోపీ ఎగరేసింది నేనే. అది కాస్తా గుర్రాల తొట్టిలో పడింది.

డిసెంబరు 25

బాతు, ఎండుద్రాక్షల పుడ్డింగు. జేబెజ్ మాతోనే తిన్నాడు. పొయ్యి ముందు బండ మీద కూర్చోమంటే ససేమిరా అన్నాడు.

1895 జనవరి 3, గురువారం

మొదటి కౌన్సిలు. నేను జనం బల్ల మీద, జేబు నిండా కాగితాలు. బీడు సంగతి ఎత్తగానే నేను లేచి మాట్లాడాలనీ, కెజాయా నన్ను పిలుస్తుందనీ మా మధ్య ఒప్పందం. కనీసం నేనలా అనుకున్నాను.

అధ్యక్షుడు స్టాక్‌డేల్‌కి వియ్యంకుడు. నన్ను చూసి, "సభ్యులెవరైనా పిలిస్తే తప్ప పక్క ఊరివారికి ఇక్కడ మాట్లాడే హక్కు లేదు," అన్నాడు. కూర్చుని కెజాయా పిలుపు కోసం చూశాను.

లెక్క ముందే తెలుసు. నలుగురు ఇటు, నలుగురు అటు. మధ్యలో పీస్‌గుడ్ గారు, పాల వ్యాపారి. ఆయన టోపీ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఆవు ఈనేలా ఉందట, కబురు రాగానే వెళ్ళిపోతానని ముందే చెప్పాడు. ఆయన వెళ్ళిపోతే చెరి సమానం, ఇక అధ్యక్షుడి మాటే చెల్లుతుంది.

స్టాక్‌డేల్ లేచాడు. గీత ఎక్కడుందో నిర్ధారణ కావాలి, కొలిచేవాళ్ళని పట్నం నుంచి పిలిపించాలి, వేసవి దాకా ఆగుదాం, ముసలివాళ్ళ మాటల మీద ఆస్తులు తేల్చగలమా అన్నాడు. నున్నగానే అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. అప్పుడే గుమ్మంలోంచి పీస్‌గుడ్ గారి పాలేరు తొంగిచూశాడు. ఆయన సగం లేచాడు.

కెజాయా కూడా లేచింది.

"ఒక్క నిమిషం కూర్చోండి పీస్‌గుడ్ గారూ, ఆవుకి మీ అవసరం అంత లేదు," అంది. పెట్టెలోంచి తెచ్చిన కాగితం విప్పింది. "పాత పొలిమేర శ్రీ విడ్‌లేక్ ఇంటి మధ్యగా పోవుచున్నందున. కింద సంతకం స్టాక్‌డేల్ గారిది. ఈ మాట మీదే మా ఆయన్ని తప్పించారు. అది నిజమైతే బీడు ఊరిది. అబద్ధమైతే మా ఆయన కుర్చీ ఆయనకిచ్చెయ్యండి, నేను ఇంటికి పోతా. ఏదో ఒకటి తేల్చండి, చేతులెత్తండి."

అంతే. కూర్చుంది.

స్టాక్‌డేల్ ఆ నకలు అడిగి తీసుకుని, కింద తన పేరు చదివి, మడిచి తిరిగి ఇచ్చేశాడు. పీస్‌గుడ్ గారు టోపీ ఉన్న చెయ్యే పైకెత్తాడు, అలాగే టోపీ ఊపుకుంటూ బయటికి పరుగెత్తాడు. అయిదుగురు ఇటు, నలుగురు అటు. కంచె తీసెయ్యాలని రాసుకున్నారు.

బయట ఆడవాళ్ళు కెజాయాని ఎత్తుకుంటారేమో అనుకున్నాను. ఎత్తుకోలేదు. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకుని వెళ్ళారు. డోర్కస్ ఏడ్చింది. నేనూ.

జనవరి 4

పొద్దున్నించి ఒకటే ఆలోచన. ఎటు తిప్పి చూసినా అక్కడికే వస్తోంది. నేనే ఆ కుర్చీలో ఉంటే లేచి సంత అనుమతి దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. రెండో రాజు దగ్గరికి వచ్చేసరికి పీస్‌గుడ్ గారు ఆవు దగ్గర ఉండేవారు. ఆ కాగితం సంగతి నాకు తట్టేది కాదు. బీడు పోయేది, నా వల్లే పోయేది, పైగా అది స్టాక్‌డేల్ కుట్ర అని ఈ పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

ఇది కెజాయాకి చెప్పాలా? ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఇలాంటిది ఒకటి కూడా చెప్పలేదు.

జనవరి 7, సోమవారం

కంచె పోయింది. ఎండ పల్చగా ఉన్నా గాలి బాగుంది. బీడంతా దుప్పట్లు, చొక్కాలు, పసిపిల్లల గుడ్డలు. నా దుకాణంలో తోళ్ళ వాసన తప్ప ఇంకేం లేదు. మధ్యాహ్నానికి ఒక జీను పూర్తిచేశాను.

తట్ట మొయ్యడానికి వెళ్ళినప్పుడు చెప్పాను, తాడుకి అటూ ఇటూ నిలబడి. మొత్తం చెప్పాను, రాజులతో సహా. ఆవిడ నోట్లో రెండు కొయ్య క్లిప్పులున్నాయి. తీసి తాడు మీదున్న నా చొక్కాకి పెట్టింది.

"తెలుసు," అంది. "అందుకే ఆ రోజు మిమ్మల్ని పిలవలేదు."